మిగిలిపోయిన నాలుగు వందల మీటర్లు

పెదరేవు మున్సిపాలిటీలో వినీల రెండేళ్ళుగా కౌన్సిలరు. పనుల కమిటీలో చోటు కావాలని ఆమె అడిగినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఆడవాళ్ళు సాధారణంగా ఆరోగ్యమో, బడులో అడుగుతారు. పనుల కమిటీ అంటే రోడ్లు, డ్రైన్లు, కాంట్రాక్టర్లు, ఏ వీధి మీద ఎంత రుసుము వేయాలన్న గొడవలు. ఐదుగురు సభ్యులు. అక్కడ ఒక్క ఓటు అటూ ఇటూ అయితే ఊళ్ళో నీళ్ళు అటో ఇటో పోతాయి.

ఆ సంగతి వినీలకు పదిహేడేళ్ళ వయసులోనే తెలిసింది.

పెదరేవు విజయవాడకు ముప్పావు గంట బస్సు ప్రయాణం. ఊరి మెయిన్ రోడ్డు ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి నేల మెల్లగా దిగుతూ వచ్చి బేతనీపేట దగ్గర పల్లమవుతుంది. పేటలో నలభై ఐదు ఇళ్ళు, ఒక చర్చి. పేటకు దిగువన నాలుగు వందల మీటర్ల పొలం, ఆ పొలం దాటాక పెద్ద మురుగు కాలువ. వానపడితే ఊరి నీళ్ళన్నీ ఆ కాలువలో కలవాలి. రెండు వేల తొమ్మిదిలో ప్రభుత్వం డ్రైను కోసం డబ్బిచ్చినప్పుడు ప్లాను అలాగే గీశారు. మెయిన్ రోడ్డు నుంచి పేట మీదుగా పెద్ద కాలువ దాకా.

అప్పుడు పనుల కమిటీ అధ్యక్షుడు అచ్యుతరామారావు. మెయిన్ రోడ్డు మీద ఆయనకు కల్యాణ మండపం ఉంది. మండపం ముందు డ్రైను వెడల్పు చేసి, మీద నున్నటి పలకలు పరిపించి, కార్లు నిలపడానికి వీలుగా తయారుచేయించాడు. దానితో డబ్బు చాల్లేదు. చివరి నాలుగు వందల మీటర్లు రెండో దశలో తవ్వుతామని తీర్మానం రాశారు. డ్రైను బేతనీపేట నడిబొడ్డున, చేతిపంపు పక్కన ఆగిపోయింది. ఊరు ఊరంతా అందులోకి వదిలిన నీళ్ళు అక్కడికొచ్చి నిలబడ్డాయి.

ఆ పైన పేటలో ఇంటింటికీ మూడు వేల ఎనిమిది వందల రుసుము వేశారు, డ్రైను వల్ల మీ స్థలాల విలువ పెరిగిందని.

వినీల తండ్రి జక్కయ్య ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. పేట తరఫున ఆ రుసుము కట్టబోమని చెప్పింది ఆయనే. అర్జీ వినీల రాసింది. ఇంటర్ చదువుతోంది, దస్తూరీ బాగుంటుంది. ఇద్దరూ కలిసి కమిటీ గదికి వెళ్ళారు. అచ్యుతరామారావు అర్జీ తీసుకున్నాడు. చదవలేదు. బల్ల మీద పెట్టి, దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

"కమిటీకి మనుషులు కనపడకూడదు జక్కయ్యా. రూలే కనపడాలి," అన్నాడు. "నీకొకడికి మినహాయింపు ఇస్తే రేపు ఊరంతా వస్తుంది."

"మినహాయింపు కాదండి. మా పేటకి కాలవ రాలేదండి. నీళ్ళొచ్చాయి."

"రెండో దశలో వస్తుంది. నువ్వు ముందు కట్టు."

టీ గ్లాసు తీశాక ఆ కాగితం మీద గుండ్రటి మరక మిగిలింది. వినీల అక్షరాలు ఆ మరకలో కరిగిపోవడం ఆమె చూసింది.

జూలైలో జక్కయ్య ఇంటి కుళాయి తీసేశారు. పేటలో ఎవరూ రుసుము కట్టలేదు, కానీ కుళాయి తీసింది ఆ ఒక్క ఇంటికే. మిగతావాళ్ళు భయపడి నెలలోపల కట్టేశారు. జక్కయ్య కట్టలేదు. వినీల తల్లి తెరేసమ్మ చేతిపంపు నీళ్ళు పట్టుకొచ్చేది. ఆగస్టు వానలకు పంపు చుట్టూ మురుగు మోకాలి లోతున నిలిచింది. సెప్టెంబరులో ఆమెకు కామెర్లు వచ్చాయి. విజయవాడలో ఆసుపత్రిలో పెట్టారు. పంతొమ్మిదో రోజున పోయింది. నలభై రెండేళ్ళు.

పేటకే చెందిన హెలెన్ అప్పుడు ఆ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు. చివరి రెండు రోజులూ ఆమే తెరేసమ్మ దగ్గర కూర్చుంది.

వినీల ఏడ్చిందో లేదో ఎవరికీ గుర్తులేదు. ఇంటర్ ముగించి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాకు చేరింది. డాక్టరు చదవమని పాస్టరు గారు చెప్పారు, మార్కులున్నాయి కదా అని. ఆమె వినలేదు. ఆ తరవాత పటమటలో ఒక సర్వే ఆఫీసులో ఎనిమిదేళ్ళు పనిచేసింది. మూడు కాళ్ళ స్టాండు మీద లెవెల్ పరికరం పెట్టి, దూరంగా నిలబెట్టిన కొలబద్ద చూసి, ఏ నేల ఎంత ఎత్తో, నీళ్ళు ఎటు పోతాయో చెప్పడం ఆమె పని. ఆ పనిలో ఆమె మాటకు తిరుగులేదని ఇంజినీర్లే ఒప్పుకునేవారు. ఎన్నికలు వచ్చినప్పుడు పేట వార్డు నుంచి నిలబడింది. గెలిచింది. పనుల కమిటీ అడిగింది.

ఎందుకని అడిగితే, "లెవెల్స్ వచ్చు కదండి, ఉపయోగపడతానని," అనేది.

*

పధ్నాలుగేళ్ళ తరవాత ఆ నాలుగు వందల మీటర్లు మళ్ళీ కమిటీ ముందుకు వచ్చాయి.

ఈ మధ్యకాలంలో పేట దిగువనున్న పొలాన్ని అచ్యుతరామారావు కొన్నాడు. ఇప్పుడాయన కౌన్సిలరు కాడు, డెబ్బై ఆరేళ్ళవాడు. కొడుకు వేదవ్యాస్‌తో కలిసి ఆ పొలాన్ని నాలుగడుగులు మెరక చేసి లేఅవుట్ వేశాడు. మనవరాలి పేరు పెట్టి వేదశ్రీ గార్డెన్స్ అన్నాడు. ముఖద్వారం, ప్రహరీ, లోపల క్లబ్ హౌసు. దానితో పేట మరింత గుంటలో పడింది. మొదటి వానకే చర్చి మెట్లు మునిగాయి.

కమిటీ ప్రస్తుత అధ్యక్షుడు వెంకటకృష్ణారావు ప్రతిపాదన ఎజెండాలోకి వచ్చింది. లేఅవుట్‌ను తాకకుండా రోడ్డు పక్క నుంచి చుట్టూ తిప్పి తొమ్మిది వందల మీటర్ల డ్రైను. ఖర్చు మున్సిపాలిటీది. లేఅవుట్ మురుగును అందులో ఉచితంగా కలుపుకోవచ్చు. ఖర్చులో మూడో వంతు లాభం పొందే ఇళ్ళ మీద రుసుముగా వేస్తారు. ఆ ఇళ్ళ జాబితాలో బేతనీపేట నలభై ఐదు ఇళ్ళున్నాయి. వేదశ్రీ గార్డెన్స్ లేదు.

వినీల ఎజెండా కాగితం రెండుసార్లు చదివింది. ఆమెకు కోపం రాలేదు. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మనిషి తనంతట తానే నడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు అనిపించింది.

మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీరు ఆమోసు ఆమెకు పాలిటెక్నిక్‌లో జూనియరు. మరునాడు ఆఫీసులో తలుపు దగ్గరికి వేసి మెల్లగా అన్నాడు.

"అక్కా, రోడ్డు పక్క దారిలో వాలు అంతంత మాత్రం. నేను లెవెల్స్ పుస్తకంలో ఇరవై సెంటీమీటర్లు మార్చి రాస్తే అటు నీళ్ళు పారవని తేలిపోద్ది. అప్పుడిక లేఅవుట్ మధ్యలోంచి తియ్యటం తప్ప దారి ఉండదు. ఎవరికీ తెలీదు."

వినీల రెండు రోజులు ఆ ఇరవై సెంటీమీటర్ల గురించే ఆలోచించింది. బస్సులో కూర్చున్నా అదే. అచ్యుతరామారావు ముఖద్వారం కింద యంత్రం తవ్వుతున్నట్టు కళ్ళ ముందు కనపడేది. మూడో రోజు ఆమోసుకు వద్దని చెప్పింది.

"పాపం అనా అక్కా?"

"కాదు. అబద్ధపు లెక్కతో ఓడిస్తే హైకోర్టులో గెలుస్తాడు. ఆయన గెలవటానికి ఒక్క సందు కూడా ఉండకూడదు."

ఆమె తానే సొంతంగా లెవెల్ పరికరం అద్దెకు తెచ్చుకుని రెండు ఆదివారాలు ప్రార్థన మానేసి ఆ నేలంతా కొలిచింది. మెరక చేసిన మట్టి అంచున ఒకచోట నేల, కింద ఏదో పూడ్చినట్టు, చిత్రంగా కుంగి ఉంది. ప్రభుత్వ సర్వే ఆఫీసులో అర్జీ పెట్టి పాత గ్రామ పటం ధ్రువీకరించిన నకలు తెప్పించింది. పటంలో సన్నటి రెండు గీతలు పేట చివర నుంచి పెద్ద కాలువ దాకా తిన్నగా వెళ్ళాయి. ప్రభుత్వ బోదె. ఒకప్పుడు పొలాల్లో నీళ్ళు దిగడానికి ఉన్న పంటబోదె, ఎనిమిది అడుగుల వెడల్పు, ఎవరికీ అమ్మే హక్కు లేనిది. అచ్యుతరామారావు దాన్ని మట్టితో పూడ్చి, సరిగ్గా దాని మీదే ముఖద్వారం, క్లబ్ హౌసు కట్టాడు. ముందు వరసలో తన కోసం ఉంచుకున్న ఆరు ప్లాట్లు కూడా ఆ గీతల మీదే ఉన్నాయి.

వినీల ఆ పటాన్ని జాగ్రత్తగా చుట్టి సంచిలో పెట్టుకుంది.

*

కమిటీ సమావేశానికి వారం ముందు అచ్యుతరామారావు బేతనీపేటకు వచ్చాడు. ఆయన కారు సందులోకి పట్టలేదు. మురుగు తప్పించుకుంటూ ఇటుకల మీద అడుగులు వేస్తూ వచ్చాడు. జక్కయ్య అప్పుడే షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏం జక్కయ్యా, బాగున్నావా? అమ్మాయి గారున్నారా?"

వినీల ఆయన్ని కూర్చోమంది. ఆయన గదంతా కలియజూశాడు. చల్లగా, మర్యాదగా మాట్లాడాడు. సర్వే ఆఫీసులో పటం తీయించిన సంగతి ఆయనకు చేరినట్టుంది.

"చూడమ్మా వినీలా. పాత పటాల్లో ఏవేవో గీతలుంటాయి. ఇప్పుడక్కడ ఇరవై రెండు కుటుంబాలు ప్లాట్లు కొనుక్కున్నాయి. వాళ్ళ బతుకులు చూడాలి. మీ పేటకి నేను సిమెంటు రోడ్డు వేయిస్తాను, నా సొంత ఖర్చుతో. చర్చికి ఇనప గేటు. రుసుము కూడా తగ్గించమని కృష్ణారావుకి నేను చెప్తాను. నువ్వు చదువుకున్నదానివి. అందర్నీ కలుపుకుని పోవాలి."

"మా అమ్మ మీకు గుర్తుందా అండి?"

ఆయన కాస్త తడబడ్డాడు. జక్కయ్య వైపు చూసి నవ్వాడు.

"మీ అమ్మగారా? లేకేం. ఎలా ఉన్నారు?"

జక్కయ్య చేతిలోని తుండుగుడ్డ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. లోపల గిన్నె ఏదో కిందపడ్డ చప్పుడైంది.

వినీల ఇన్నేళ్ళూ ఆయన గురించి ఎన్నో ఊహించుకుంది. ఆయనకు అప్పుడప్పుడైనా తెరేసమ్మ గుర్తొచ్చి నిద్ర పట్టదని. గుర్తొచ్చినా లెక్కచేయడని. లోలోపల నవ్వుకుంటాడని. ఇది మాత్రం ఊహించలేదు. ఆయన దగ్గర ఆ మరణం లేనే లేదు. ఆయన లెక్కలో ఆమె ఇంకా బతికే ఉంది, ఎక్కడో వంటింట్లో.

"కమిటీకి రండి," అంది. "ఏమన్నా ఉంటే అక్కడ అర్జీ ఇవ్వండి. చదువుతాం."

*

తీర్మానం ముసాయిదా వినీల తానే రాసింది. బోదె మీది కట్టడాలు తొలగించాలి. డ్రైను తిన్నగా ఆ నాలుగు వందల మీటర్లు తవ్వాలి. మొత్తం ఖర్చు వేదశ్రీ గార్డెన్స్ భరించాలి, ప్రతి ప్లాటు మీదా సమానంగా. మినహాయింపు లేదు.

ఆ కబురు ఊళ్ళో పాకింది. మరుసటి సాయంత్రం హెలెన్ వచ్చింది. ఇప్పుడామె హెడ్ నర్సు. మొగుడు లేడు, కూతురు బి.ఫార్మసీ చదువుతోంది. వేదశ్రీ గార్డెన్స్‌లో పధ్నాలుగో నంబరు ప్లాటు ఆమెదని వినీలకు అప్పుడే తెలిసింది.

"పధ్నాలుగేళ్ళ జీతం పెట్టానే అందులో," అంది హెలెన్. "పేట గుంటలోంచి కాస్త మెరకకి పోదామని. బోదె సంగతి నాకేం తెలుసు? నాలుగు లక్షల పైన పడుద్దంటున్నారు ఒక్కో ప్లాటుకి. ఎక్కణ్ణుంచి తేను?"

"రూల్ అందరికీ ఒకటే ఆంటీ. నేను మనుషుల్ని చూసి రాయలేను."

అని ఆగిపోయింది. ఆ మాట తన నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో ఆమెకే భయం వేసింది. గొంతు తనదే, మాట ఆయనది.

హెలెన్ వాదించలేదు. లేచి చెప్పులు వేసుకుంటూ, "సర్లేమ్మా. నీ కష్టం నాకు తెలుసు," అంది.

"కూర్చో ఆంటీ," అంది వినీల.

ముసాయిదా బయటికి తీసి హెలెన్ ముందే ఆ పేరా కొట్టేసింది. ఖర్చు ప్లాట్ల మీద కాదు, బోదెను పూడ్చి లేఅవుట్ వేసిన యజమాని మీద. ప్లాట్లు కొన్నవారి నుంచి వసూలు చేయరాదు. యజమాని అంటే ఒక్కడే. ఆయన తన ఆరు ప్లాట్లు పోగొట్టుకుని, పైన డ్రైను ఖర్చు మొత్తం తొంభై ఆరు లక్షలూ కట్టాలి. మొదటి ముసాయిదా గుంపు మీద రాయి విసరడమని, ఇది ఒక్క మనిషికి గురిపెట్టడమని వినీలకు అనిపించింది. జాలితో మార్చిన మాట పగకు మరింత పదును పెట్టింది. ఆమెకు అది నచ్చింది.

ఇక ఓట్లు. వెంకటకృష్ణారావు, ఆయన వెంట ఉండే ఇంకొక సభ్యుడు అటు. ఆర్టీసీలో రిటైరైన మరొక సభ్యుడు పటం చూసి వినీల వైపు వచ్చాడు. మిగిలింది చేపల మార్కెట్ వార్డు కౌన్సిలరు రావమ్మ. అరవై ఏళ్ళ మనిషి, ఎవరి కారూ ఎక్కదు, ఎవరింటా కాఫీ తాగదు. వినీల మార్కెట్‌కు వెళ్ళి పటం, లెవెల్స్, లెక్కలు అన్నీ ఐసు పెట్టెల మీద పరిచి చూపించింది.

రావమ్మ అన్నీ విని, "ఇదంతా సరేగాని," అంది. "నువ్వు కాలవ కోసం చేస్తన్నావా, మీ అమ్మ కోసం చేస్తన్నావా?"

"మా అమ్మ కోసం. కాలవ కూడా వస్తుంది."

రావమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది. "ఊరి మేలు కోసమని చెప్తావేమో, చెప్తే ఓటెయ్యగూడదనుకున్నా. వస్తాలే."

*

సమావేశం రోజున అచ్యుతరామారావు పది గంటలకే వచ్చాడు. ఆయన అంశం ముందు తీసుకుందామని అధ్యక్షుడు అన్నాడు. ఎజెండాలో అది చివరిదని, వరసలోనే పోవాలని వినీల పట్టుబట్టింది. వీధి దీపాలు, బస్టాండు మరుగుదొడ్ల వేలం, శ్మశానం ప్రహరీ. ప్రతి అంశం మీదా ఆమె రెండేసి ప్రశ్నలు అడిగింది. తలుపు సందులోంచి వరండాలో బల్ల మీద కూర్చున్న ఆయన కనపడుతున్నాడు. ఒకసారి నీళ్ళు అడిగి తాగాడు. ఒకసారి లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండున్నర అయింది. ఆయన్ని అలా చూడటం వినీలకు సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని ఆమె తన దగ్గర తాను దాచుకోలేదు, సిగ్గుపడలేదు.

ఆయన లోపలికి వచ్చి నిలబడి మాట్లాడాడు.

"నేను ఈ గదిలో పదేళ్ళు పనిచేసినవాణ్ణి. నా వయసు చూడండి. ఆ స్థలం మీద అప్పు తెచ్చాను. తొమ్మిది వందల మీటర్ల దారి ఉండగా కట్టిన గోడలు కూల్చడం ఎందుకు? మానవత్వంతో ఆలోచించండి."

వినీల పాత మినిట్స్ పుస్తకం తెరిచింది. అట్ట చిరిగి ఉంది.

"రెండు వేల తొమ్మిది, తీర్మానం నూట పన్నెండు," అని చదివింది. "మురుగు కాలువ పనుల ఖర్చును లాభము పొందు భూమి యజమానుల నుండి వసూలు చేయవలెను. ఎట్టి మినహాయింపులు ఉండరాదు. గడువులోగా చెల్లించని యెడల కుళాయి కనెక్షను తొలగించవలెను. ప్రతిపాదించినవారు శ్రీ అచ్యుతరామారావు. ఈ తీర్మానాన్ని ఎవరూ రద్దు చేయలేదండి. ఇవాల్టికీ అమల్లోనే ఉంది."

పటం బల్ల మీద పరిచారు. ఆమోసు లెవెల్స్ చదివాడు, ఉన్నవి ఉన్నట్టు. రోడ్డు దారిలో కూడా నీళ్ళు పారతాయని, అయితే తిన్నటి దారిలో ఖర్చు సగం కంటే తక్కువని చెప్పాడు. చేతులెత్తారు. రావమ్మ చెయ్యి అన్నిటికంటే ఆఖరున లేచింది. మూడు, రెండు.

అప్పుడు వినీల ఇంకొక కాగితం ముందుకు తోసింది. తీర్మానం నేపథ్యంలో రెండు వాక్యాలు చేర్చాలంది. అధ్యక్షుడు చదివి కాగితం వెనక్కి నెట్టాడు.

"ఇదేంటమ్మా? సొంత గొడవలు మినిట్స్‌లోకి ఎలా వస్తాయి?"

వినీల కుళాయిలు తొలగించిన రిజిస్టరు నకలు, మరణ ధ్రువపత్రం బల్ల మీద పెట్టింది. సమావేశంలో ఉన్న మున్సిపల్ కమిషనరు రెండూ చూశాడు. ఆయన కొత్తగా వచ్చిన యువకుడు, జాగ్రత్తపరుడు.

"జరిగినవి జరిగినట్టు రాయొచ్చు," అన్నాడు. "దీనివల్ల అది జరిగిందని రాయకూడదు."

"రాయొద్దండి. పక్కపక్కన ఉంటే చాలు."

అలాగే రాశారు. "2009 జూలైలో రుసుము చెల్లించనందున బేతనీపేటలో జక్కయ్య ఇంటి కుళాయి కనెక్షను తొలగించబడినది. ఆ ఇంటి తెరేసమ్మ, 42 సంవత్సరములు, అదే ఏడాది సెప్టెంబరులో కామెర్లతో మరణించినది." రెండు వాక్యాలకూ మధ్య ఒక చుక్క తప్ప ఏమీ లేదు.

తీర్మానం జతచేసిన నోటీసు ఇవ్వడానికి వెళ్ళిన అటెండరుతో పాటు వినీల కూడా వెళ్ళింది. అచ్యుతరామారావు తన ఇంటి వరండాలో కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. వేలు కాగితం మీద మెల్లగా కదులుతూ ఒకచోట ఆగింది.

"ఈవిడేనా?"

"అవునండి."

"నాకు గుర్తులేదమ్మా. నిజంగా గుర్తులేదు. ఎన్నో కుళాయిలు, ఎన్నో సంతకాలు."

"తెలుసండి. అందుకే రాయించాను. ముట్టినట్టు సంతకం పెట్టండి."

ఆయన పెట్టాడు. సంతకం కాస్త వంకరపోయింది. వినీల ఆయన క్షమాపణ చెప్తాడేమోనని ఒక్క క్షణం ఆగింది. చెప్పలేదు. చెప్తే ఏం చేయాలో ఆమెకూ తెలియదు.

*

ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. ఏడు నెలలు స్టే నడిచింది. పటం నిలబడింది, లెవెల్స్ నిలబడ్డాయి. స్టే పోయిన వారానికే యంత్రం వచ్చింది. ముఖద్వారం మీది పేరు అక్షరాలను ముందు ఊడదీసి కింద పేర్చారు. తరవాత కూల్చారు. క్లబ్ హౌసు మధ్యాహ్నానికి నేలమట్టమైంది. జక్కయ్య చూడటానికి రాలేదు. మామూలుగా ఆటోనగర్ బస్సెక్కి పనికి పోయాడు. సాయంత్రం అన్నం తింటూ అడిగాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా."

"ఆయనొచ్చాడా?"

"వచ్చాడు. ఎండలో నిలబడే ఉన్నాడు మూడు గంటలు. ఆమోసు కుర్చీ తెప్పించబోతే నేనే వద్దన్నాను."

జక్కయ్య ముద్ద కలుపుతూ ఆగాడు. "మీ అమ్మైతే వేసుండేది," అన్నాడు.

"అమ్మ లేదుగా నాన్నా."

ఆయన కంచం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన తనను మెచ్చుకున్నాడో తప్పుపట్టాడో వినీల అడగలేదు.

డ్రైను జూన్ నాటికి పూర్తయింది. జూలైలో రెండు రోజులు ఆగకుండా వాన పడింది. పేట నుంచి నీళ్ళు మట్టి రంగులో, చెత్తను తోసుకుంటూ, నాలుగు వందల మీటర్లూ దాటి పెద్ద కాలువలో పడ్డాయి. చర్చి మెట్లు తడిశాయి గానీ మునగలేదు. పిల్లలు డ్రైను గట్టు మీద వరసగా నిలబడి చెప్పులు, కొబ్బరిచిప్పలు వదిలి ఏది ముందు పోతుందో చూశారు. హెలెన్ పధ్నాలుగో నంబరు ప్లాటులో పునాది తీయించింది.

ఆఖరి వాయిదా కట్టడానికి వేదవ్యాస్ మున్సిపల్ ఆఫీసుకు వచ్చాడు. మెరక ప్లాట్లు ఇంకో రెండు అమ్మాల్సి వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. తండ్రి బయటికి రావడం మానేశాడని కూడా. రసీదు తీసుకుని, వరండాలో ఎదురైన వినీలను చూసి ఆగాడు. మనిషి తండ్రిలా కాదు, మెత్తగా మాట్లాడతాడు.

"ఒక్కమాట అడగనా మేడమ్? మీకిప్పుడు హాయిగా ఉందా?"

వినీల నిజం చెప్పాలని ఆలోచించింది.

"ఉందండి," అంది. "ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఇప్పటికైతే ఉంది."

ఆయన తలూపి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి రావమ్మ పిలుస్తోంది, చేపల మార్కెట్లో ఐసు షెడ్డు అద్దె సంగతి కమిటీలోకి వచ్చిందని. వినీల ఫైలు తీసుకుని లోపలికి వెళ్ళింది.